గుడ్డ డైపర్లు

చంటిపిల్లల మలమూత్రాలను పీల్చుకోవడానికి నడుముకు కట్టి, ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డలను, అలాంటి గుడ్డలతో కుట్టిన తొడుగులను ఇప్పుడు గుడ్డ డైపర్లు అంటున్నారు. తెలుగు ఇళ్లలో లంగోటీ, గోచీ, ముక్కోణపు గుడ్డ అనే పేర్లతో ఎప్పటి నుంచో ఉన్న వస్తువే ఇది. ప్రెస్ బటన్లతో, నీరు కారనివ్వని పైపొరతో, జంతువుల బొమ్మలతో ఇప్పుడు మళ్లీ అంగడికి వచ్చింది. ఒకసారి వాడి పారేసే డైపర్లకు అలవాటుపడిన కుటుంబాలు వీటికి మారడానికి మూడు కారణాలు చెబుతుంటాయి: డబ్బు, చెత్త, పిల్లల ఒళ్లు. మారినవాళ్లలో కొందరు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చేస్తారు. దానికి గుడ్డను తప్పుపట్టడం కంటే, ఇంట్లో ఉతుకుడు ఏర్పాటు ఎలా ఉందో చూడటం మేలు. ఎందుకంటే డైపర్ ఏదైనా మురికి ఎవరో ఒకరి చేతికి చేరుతుంది. గుడ్డకు మారిన ఇల్లు ఆ పనిని మళ్లీ తన మీద వేసుకుంటుంది.

పాత వాడుక

ఒకప్పుడు పురిటి ఇంటికి సిద్ధం చేసే సరంజామాలో పాతబట్టల మూట తప్పనిసరి. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన నేత పంచెలు, నూలు చీరలు, లుంగీలు చింపి చతురస్రాలుగా చేసి పెట్టేవారు. పసిబిడ్డకు కొత్తగుడ్డ వద్దని పెద్దవాళ్లు పట్టుబట్టడానికి ఆచారం ఒక కారణం. గంజి, గరుకు ఇంకో కారణం. దూది పీచు మీద సహజంగా ఉండే మైనం, నూనె కొన్ని ఉతుకులు పడితే గానీ వదలవు కాబట్టి కొత్త నూలుగుడ్డ నీటిని సరిగ్గా పీల్చుకోదు కూడా. ఈ సంగతి ఇప్పటి గుడ్డ డైపర్ల పెట్టె మీద సూచనగా అచ్చవుతోంది: తొడిగే ముందు నాలుగైదు సార్లు ఉతకండి అని.

చతురస్రాన్ని మూలకు మూల మడిస్తే ముక్కోణం వస్తుంది. రెండు కొసలు నడుము చుట్టూ తెచ్చి, మూడోదాన్ని కాళ్ల మధ్య నుంచి పైకి లాగి ముడివేస్తే లంగోటీ సిద్ధం. పిన్నీసు ఎక్కడ గుచ్చుకుంటుందోనని చాలామంది ముడితోనే సరిపెట్టేవారు. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత పిల్ల కింద, దాని కింద రబ్బరు షీటు. పగలు చాలాసేపు ఆ లంగోటీ కూడా ఉండేది కాదు. అమ్మమ్మో నాయనమ్మో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు పాదాల మధ్య పిల్లను కూర్చోబెట్టి, నోటితో ‘ఉస్స్’మని శబ్దం చేస్తూ వేళపట్టున అలవాటు చేసేది. చైనా పల్లెల్లో పిల్లలకు కింద చీలిక ఉన్న లాగులు తొడగడం ఇలాంటి ఏర్పాటే. ఆ పద్ధతిలో గుడ్డ పని తక్కువ, కనిపెట్టుకుని ఉండే మనిషి పని ఎక్కువ.

ఆ రోజుల్లో ఖర్చే లేదని ఇప్పుడు మురిసిపోవడం సగం నిజమే. పురుడు వెళ్లేదాకా బాలింత బట్టలు, పిల్ల గుడ్డలు ఉతికింది చాలా ఊళ్లలో చాకలి కులపు ఆడవాళ్లు. చౌడుతో నానబెట్టి, బానలో ఉడకబెట్టి, రేవులో బండకేసి బాది, ఎండలో ఆరేసి తెచ్చిన ఆ చాకిరీకి పంటల వేళ ఇచ్చే గింజలే ప్రతిఫలం. మైలబట్ట ముట్టుకునే పని ఒక కులానికి అంటగట్టడం వల్ల మిగతా ఇళ్లకు ఆ బరువు తెలియలేదు. పురుడు దాటాక అది తల్లి మీద, ఇంట్లోని మిగతా ఆడవాళ్ల మీద పడేది. లంగోటీ రోజులను గుర్తుచేసుకునే మగవాళ్ల మాటల్లో ఈ ఉతుకుడు ప్రస్తావన అంతగా కనబడదు.

అమెరికాలో కూతురి పురుడు పోయడానికి వెళ్లే తెలుగు తల్లుల సూట్‌కేసుల్లో పచ్చళ్లతో పాటు మెత్తని పాత నూలుగుడ్డల కట్ట ఈనాటికీ ప్రయాణం చేస్తూనే ఉంటుంది. అక్కడ దండెం కట్టనివ్వని అపార్ట్‌మెంట్లలో వాటి గతి ఏమవుతుందన్నది వేరే సంగతి.

పారేసే డైపర్ పుట్టుక

పాశ్చాత్య దేశాల్లో గుడ్డకు ముడి బదులు పిన్ను వచ్చింది. వాల్టర్ హంట్ అనే అమెరికన్ 1849లో పేటెంట్ తీసుకున్న పిన్నీసు తర్వాతి వందేళ్లు పిల్లల గుడ్డలకు తోడుగా నిలిచింది. గుడ్డ మీద రబ్బరు లాగు తొడిగితే పక్క తడవదు గానీ, లోపల గాలాడక చర్మం ఒరిసిపోయేది.

కాగితపు మెత్తలు మొదట వచ్చింది స్వీడన్‌లో. రెండో ప్రపంచయుద్ధం వల్ల నూలుకు కరువు రావడంతో పౌలిస్ట్రోమ్ కాగితపు మిల్లు 1940ల తొలినాళ్లలో చెక్కగుజ్జు పొరలతో మెత్తలు తయారుచేసింది. యుద్ధం ముగిశాక ఇద్దరు తల్లులు, ఒకరికొకరు తెలియకుండానే, ఈ వస్తువు రూపం మార్చారు. అమెరికాలో మారియన్ డోనోవన్ స్నానాల గది తెరను కత్తిరించి, నీరు కారనివ్వని పైతొడుగు కుట్టింది. పిన్నీసుల బదులు దానికి ప్రెస్ బటన్లు పెట్టింది. 1949లో న్యూయార్క్‌లోని సాక్స్ దుకాణంలో అమ్మకానికి పెట్టి, 1951లో పేటెంట్ హక్కులను పది లక్షల డాలర్లకు అమ్మేసింది. బ్రిటన్‌లో వాలెరీ హంటర్ గోర్డన్ పారాచూట్ నైలాన్‌తో పైతొడుగు కుట్టి, లోపల పారేసే మెత్త పెట్టే ‘పాడీ’ని రూపొందించింది. పైతొడుగు ఉంచుకుని లోపలిది మార్చే ఆ పద్ధతే నేటి గుడ్డ డైపర్లలో ఒక రకంగా తిరిగొచ్చింది.

ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో రసాయన ఇంజినీరు విక్టర్ మిల్స్ బృందం చేసిన డైపర్‌ను మొదట టెక్సస్‌లోని డల్లాస్‌లో పరీక్షించారు. మండుటెండల్లో ప్లాస్టిక్ లాగు తొడగడానికి తల్లులు ఇష్టపడలేదు. మార్పులు చేసిన డైపర్ 1961లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో ‘పాంపర్స్’ పేరుతో వచ్చింది. ఒక్కోటి 10 సెంట్లు. వస్తువు నచ్చినా ధర నచ్చలేదు. యంత్రాల వేగం పెంచి ధర 6 సెంట్లకు దగ్గర చేశాకే గిరాకీ అందుకుంది. 1978లో కింబర్లీ క్లార్క్ వాళ్ల ‘హగ్గీస్’ పోటీకి దిగింది.

అప్పటికీ డైపర్ అంటే లావుపాటి చెక్కగుజ్జు మెత్తే. దాన్ని పలుచన చేసింది సోడియం పాలీఅక్రిలేట్ అనే జిగురుపొడి. ఆ పొడి గొలుసుల మీద విద్యుదావేశాలు ఉంటాయి. నీరు తగలగానే అవి ఒకదాన్నొకటి తోసుకుని విచ్చుకుంటాయి, నీటిని లోపలికి లాక్కుంటాయి. శుద్ధజలాన్నయితే తన బరువుకు వందల రెట్లు పట్టే ఈ పొడి, ఉప్పు ఉండటం వల్ల మూత్రాన్ని కొన్ని పదుల రెట్లు మాత్రమే పడుతుంది. ఆ మేరకే అయినా గుడ్డకు సాధ్యం కాని మేలు ఒకటి ఉంది: పైన కూర్చున్నా నొక్కినా తడి తిరిగి బయటికి రాదు. 1980ల్లో జిగురుపొడి డైపర్లు వచ్చాక ఒకే డైపర్‌తో రాత్రంతా గడపడం మామూలైపోయింది.

దాంతో పిల్లలు డైపర్ విడిచే వయసు కూడా పెరిగింది. అమెరికన్ శిశువైద్యుడు టి. బెర్రీ బ్రేజెల్టన్ 1962లో, పిల్లలు సిద్ధమయ్యేదాకా మరుగుదొడ్డి అలవాటుకు తొందరపెట్టవద్దని రాశాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. అయితే 1990ల చివర్లో ఎదిగిన పిల్లల కోసం పాంపర్స్ పెద్ద సైజు తెచ్చినప్పుడు ఆ ప్రకటనల్లో కనిపించిన డాక్టరూ ఆయనే. సలహాకు, వ్యాపారానికి మధ్య ఉండాల్సిన దూరం గురించి అప్పట్లో అమెరికా పత్రికల్లో చర్చ జరిగింది.

మన దేశంలో ఈ డైపర్లు 1990ల మధ్యలో నగరాలకు వచ్చాయి. పట్టీలు అంటించే రకం కన్నా లాగులా తొడిగే రకం ఇక్కడ ఎక్కువ పట్టింది. జపాన్‌కు చెందిన యూనిచార్మ్ శ్రీసిటీలో ఫ్యాక్టరీ పెట్టింది. కిరాణా కొట్లలో రెండు డైపర్ల చిన్న ప్యాకెట్లు వేలాడటం మొదలయ్యాక ఈ వాడకం పల్లెలకూ పాకింది. అయితే ఇక్కడ చాలా ఇళ్లలో డైపర్ రాత్రిపూట, ప్రయాణాల్లో, ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాత్రమే వాడతారు. మిగతా వేళ లంగోటీయో, చెడ్డీయో, ఏమీ లేకపోవడమో. డైపర్ల మీద వచ్చిన లెక్కలు, పుస్తకాలు చాలావరకు రోజంతా వాడే పాశ్చాత్య పిల్లలను దృష్టిలో పెట్టుకున్నవి. వాటిని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడా మరచిపోకూడదు.

కొత్త గుడ్డ డైపర్లు

అమెరికాలో లూసియానాకు చెందిన టెరెసన్ డూపుయ్ 1999 ప్రాంతంలో రూపొందించిన ‘ఫజ్జీబన్జ్’ జేబు డైపర్ ఈ తరానికి దారి తీసింది. పైన నీరు కారనివ్వని పొర, లోపల తడి అంటనివ్వని ఫ్లీస్ పొర, రెంటి మధ్య జేబులో పీల్చే మెత్త. ఉతికేటప్పుడు మెత్త బయటికి తీస్తారు కాబట్టి మురికీ వదులుతుంది, త్వరగానూ ఆరుతుంది. భారతదేశంలో ముంబైకి చెందిన పల్లవి ఉటగి 2016లో స్థాపించిన సూపర్‌బాటమ్స్ వంటి సంస్థలు ఇక్కడి పిల్లల కొలతలకు తగ్గట్టు తయారుచేస్తున్నాయి.

అంగట్లో దొరికే రకాలు చాలా ఉన్నా మూలంలో రెండే. పీల్చే గుడ్డ, నీరు ఆపే తొడుగు విడివిడిగా ఉండేవి ఒక రకం. రెండూ కలిపి కుట్టేసినవి ఇంకో రకం. కలిపి కుట్టినవి తొడగడం పారేసే డైపర్ అంత సులువు. కానీ వానాకాలంలో ఒక రోజుకు ఆరవు. విడి గుడ్డ, పైతొడుగు రకంలో చతురస్రపు నూలుగుడ్డను దీర్ఘచతురస్రంగా మడిచి తొడుగులో పరుస్తారు. మలం అంటకపోతే తొడుగును తుడిచి మళ్లీ వాడవచ్చు. పొరలు విప్పి ఆరేస్తే గుడ్డ రెండు మూడు గంటల్లో ఎండిపోతుంది. ఆరబెట్టే యంత్రం లేని, బాల్కనీలో రెండు దండేల కన్నా పట్టని ఇంటికి ఇదే తగిన రకం, చూడటానికి ఎంత నాసిగా కనిపించినా. ఇంట్లో ఉన్న పాత లంగోటీ గుడ్డ మీద ఒక మంచి పైతొడుగు కొనుక్కున్నా సగం పని అయిపోతుంది.

పైపొరకు వాడేది పాలీయురెథేన్ పూత వేసిన పాలియెస్టర్. పీల్చే పొరలో నూలు, హెంప్ అనే నార, వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్, మైక్రోఫైబర్ వాడతారు. మైక్రోఫైబర్ తడిని చటుక్కున పట్టి, నొక్కితే చటుక్కున వదిలేస్తుంది. చర్మపు తేమనూ లాగేస్తుంది కాబట్టి దాన్ని నేరుగా ఒంటికి తగలనివ్వరు. హెంప్ నార నెమ్మదిగా పీల్చినా ఎక్కువ పడుతుంది. రాత్రిపూటకు నూలు మెత్త కింద దాన్ని పెడతారు. వెదురు అనగానే పచ్చదనం గుర్తొస్తుంది గానీ, విస్కోస్ తయారీలో రసాయనాల పాత్ర తక్కువేమీ కాదు.

చెత్త లెక్క

పారేసే డైపర్ మట్టిలో కలవడానికి 500 ఏళ్లు పడుతుందన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. డైపర్ పుట్టి వందేళ్లు కూడా కాలేదు, ఎవరూ కనిపెట్టి చూసింది లేదు. ప్లాస్టిక్ పొరలు, జిగురుపొడి తరాల పాటు మిగిలిపోతాయని చెబితే చాలు. చెత్తకుప్పలో డైపర్ల వాటా గురించి కూడా అతిశయోక్తులు ఉన్నాయి. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే బృందం అమెరికా చెత్తదిబ్బలను పురావస్తు తవ్వకాల పద్ధతిలో తవ్వి చూస్తే డైపర్లు దాదాపు ఒక శాతం దగ్గర తేలాయి. జనం ఊహించింది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

పర్యావరణానికి ఈ రెంటిలో ఏది మేలన్న వాదన ముప్ఫై ఏళ్లకు పైగా సాగింది. 1990లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ డబ్బిచ్చి చేయించిన అధ్యయనంలో గుడ్డ మేలేమీ కాదని తేలింది. మరుసటి ఏడాది డైపర్లు ఉతికి ఇచ్చే సంస్థల సంఘం చేయించినదాంట్లో గుడ్డే మేలని తేలింది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన లెక్కకు వీటికన్నా విలువ ఉంది. రెండున్నరేళ్లకు పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల, గుడ్డ డైపర్ల వల్ల 570 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వస్తాయని అది చెప్పింది. ఈ రెండంకెలను పట్టుకుని ‘రెండూ ఒకటే’ అన్నవాళ్లు నివేదికలో మిగతా పేజీలు చదవలేదు. మెషీన్ నిండా వేసి ఉతికి, దండెం మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే గుడ్డ లెక్క దాదాపు 200 కిలోలు తగ్గుతుంది. ప్రతిసారీ యంత్రంలో ఆరబెడితే 40 శాతానికి పైగా పెరుగుతుంది. 2023లో బ్రిటన్ ప్రభుత్వం కొత్తగా వేయించిన లెక్కలో గుడ్డ 345 కిలోల దగ్గర, పారేసేవి 457 కిలోల దగ్గర నిలిచాయి. పారేసే డైపర్ల భారం ఎక్కువగా తయారీలో ఉంది, గుడ్డ భారం వాడకంలో ఉంది. అంటే గుడ్డ వాడే ఇల్లు తన లెక్కను తానే మార్చుకోగలదు. చన్నీళ్లు, ఎండ, ఒకరి తర్వాత ఒకరికి అందే గుడ్డలు: తెలుగు ఇళ్ల మామూలు అలవాట్లు ఆ నివేదికల్లోని మేలైన పద్ధతికి దగ్గరగా ఉన్నాయి. నీటి లెక్క మాత్రం ఎదురు తిరుగుతుంది. వేసవిలో ట్యాంకర్ కోసం కాచుకునే కాలనీలో రోజు విడిచి రోజు మెషీన్ వేయడం చిన్న విషయం కాదు.

పాశ్చాత్య లెక్కలకు అందనిది ఇక్కడ ఇంకొకటి ఉంది. వాడిన డైపర్ ఎక్కడికి పోతుంది? దాన్ని తయారీదారు ఇచ్చిన సంచిలోనో తగిన కాగితంలోనో గట్టిగా చుట్టి పొడిచెత్తలో వేయాలని 2016 ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. సంచులు ఇచ్చే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. ఆచరణలో అది తడిచెత్తతో కలిసి, చెత్త ఏరే మనుషుల ఒట్టి చేతుల్లోంచి సాగిపోతుంది. పుణెలో స్వచ్ఛ్ అనే చెత్త సేకరణ కార్మికుల సహకార సంఘం ఇలాంటి పొట్లాల మీద ఎర్రచుక్క పెట్టమని ఇంటింటికీ చెప్పింది, విప్పకముందే లోపల ఏముందో తెలియాలని. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంటు ఉంది గానీ, నీళ్లు తాగి బరువెక్కిన డైపర్ మంచి ఇంధనం కాదు. ఇండోనేసియా తూర్పు జావాలో, పిల్ల వాడిన డైపర్‌ను కాల్చితే ఆ పిల్లకే ఒళ్లు మండుతుందన్న నమ్మకంతో జనం వాటిని బ్రాంటాస్ నదిలో పారేస్తారు. ఎకోటాన్ అనే సంస్థ కార్యకర్తలు ఏళ్లుగా వాటిని ఏరుతున్నారు. జపాన్‌లోని షిబుషి పట్టణంలో వాడిన డైపర్లను వేరుగా సేకరించి గుజ్జు తిరిగి తీస్తున్నారు. పసిఫిక్ దీవుల దేశం వనువాటు 2019లో పారేసే డైపర్ల మీద నిషేధం ప్రతిపాదించింది. ఉతుకుడు భారం ఆడవాళ్ల మీదే పడుతుందన్న అభ్యంతరం వెంటనే వచ్చింది.

ఒంటికి ఏది మేలు

డైపర్ కింద చర్మం ఎర్రబారడానికి తడి, ఒరుపు, మలం కారణాలు. మలంలోని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమోనియాగా మారుస్తాయి. దాంతో చర్మపు ఆమ్లత్వం తగ్గి, మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని తినేస్తాయి. మడతల్లో గాఢమైన ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది శిలీంధ్రం పని కావచ్చు. దానికి డాక్టర్ ఇచ్చే మందు కావాలి, కొబ్బరినూనె చాలదు. గుడ్డ వాడితే ఒరిసిపోదని అమ్మేవాళ్లు చెప్పే మాటకు ఆధారం బలంగా లేదు. పొడిగా ఉంచడంలో జిగురుపొడి డైపర్‌దే పైచేయి. పారేసేవే ఒరుపును ఆపుతాయన్న వాదాన్ని 2006లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష పరిశీలించి, అవునని గానీ కాదని గానీ చెప్పడానికి తగిన రుజువు లేదని తేల్చింది. ఏది తొడిగినా ఎంత త్వరగా మార్చారన్నదే ముఖ్యం. గుడ్డ తడిసిన సంగతి పిల్లకూ తల్లికీ వెంటనే తెలుస్తుంది, పారేసేది మరో మూడు గంటలు ఆగమంటుంది.

రసాయనాల భయం పూర్తిగా ఉత్తది కాదు. ఫ్రాన్స్ ఆహార, పర్యావరణ భద్రతా సంస్థ 2019లో పారేసే డైపర్లలో కొన్ని హానికర పదార్థాల ఆనవాళ్లు ఉన్నాయని చెప్పి, తగ్గించాలని తయారీదారులను కోరింది. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2020లో ఇక్కడి డైపర్లలో థాలేట్లనే రసాయనాలు ఉన్నట్టు ప్రకటించింది. ఆనవాలు ఉండటానికి, జబ్బు రావడానికి మధ్య దూరం ఉంది. అయినా రెండేళ్లకు పైగా ఒంటిని అంటిపెట్టుకునే వస్తువు మీద నిఘా పెరగడం మంచిదే.

నడక సంగతి సరదాగా తేలింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో కొత్తగా నడక నేర్చిన పిల్లలను లావుపాటి గుడ్డ డైపర్‌తో, పలుచటి పారేసే డైపర్‌తో, ఏమీ లేకుండా నడిపించి చూసింది. ఏమీ లేనప్పుడే తప్పటడుగులు తక్కువ.

మారే పద్ధతి

ఒకేసారి ఇరవై నాలుగు డైపర్లు కొనేసి, ఉన్న ప్యాకెట్లు ఎవరికో ఇచ్చేసి మొదలుపెట్టినవాళ్లు తరచుగా వారంలో అలసిపోతారు. రెండు మూడు రకాలు ఒక్కొక్కటి తెచ్చి, పగటిపూట, ఇంట్లో ఉన్నప్పుడు వాడి చూడటం మేలు. సన్నటి తొడల పిల్లకు సరిపోయింది బొద్దు పిల్లకు సరిపోదు. రెండు మూడు వారాల్లో చేయి తిరిగాక మధ్యాహ్నపు నిద్ర, చివరికి రాత్రి. కొన్ని ఇళ్లలో రాత్రి ఎప్పటికీ పారేసేదే ఉంటుంది. ఉండనీయవచ్చు. పగలంతా గుడ్డ, రాత్రి ఒకటి పారేసేది అన్న ఏర్పాటుతో చెత్త బాగా తగ్గుతుంది. పూర్తిగా మారాలన్న పంతం వల్ల పూర్తిగా మానేసినవాళ్లే ఎక్కువ.

మొదటి నెలలో బిడ్డ రోజుకు పది పన్నెండుసార్లు తడుపుతుంది. అన్ని సైజులకూ సరిపోతుందని అమ్మే డైపర్ ఆ చిన్న ఒంటికి పెద్ద మూటలా ఉంటుంది. ఆ దశకు అమ్మమ్మల లంగోటీని మించింది రాలేదు. ఐదారు కిలోల బరువు వచ్చాక బటన్ల డైపర్‌కు మారితే తొడల దగ్గర సందు లేకుండా కూర్చుంటుంది. కాళ్లు దగ్గరికి చేర్చి బిగించి కట్టడం మాత్రం ఏ వయసులోనూ తగదు. తుంటి కీలు సరిగ్గా కుదురుకోవాలంటే కాళ్లు కప్పకాళ్లలా విచ్చుకుని ఉండాలి.

కారిపోతోందంటే చూడాల్సినవి కొన్నే. తొడ దగ్గర ఎలాస్టిక్ గజ్జ మడతలో కూర్చుందా? లోపలి గుడ్డ అంచు బయటికి తొంగిచూస్తోందా? కొత్త గుడ్డకు ఉతుకులు సరిపోయాయా? బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన ద్రవం వాడుతున్నారా? ఆ ద్రవం పీచు మీద నూనెపూత వేసి పీల్చే గుణాన్ని చంపేస్తుంది. ఒరుపుకు రాసే జింకు లేపనం కూడా అదే పని చేస్తుంది. రాసినప్పుడు మధ్యలో పాత మల్లుగుడ్డ ముక్క వేస్తే సరి.

ఇక ఉతుకుడు. మలాన్ని ముందు మరుగుదొడ్డిలో వదిలించాలి, పారేసే డైపర్ అయినా సరే. చంటిపిల్లల మలానికి దోషం లేదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది తప్పు, విరేచనాలు తెచ్చే క్రిములు అందులోనూ ఉంటాయి. తడిసిన గుడ్డలను బకెట్ నీళ్లలో రెండ్రోజులు నానబెట్టడం కన్నా, గాలి తగిలే బుట్టలో పొడిగా వేసి ఉంచడం మంచిది. నానిన చోట కంపూ పెరుగుతుంది, ఎలాస్టిక్ పాడవుతుంది, పాకే పిల్ల ఉన్న ఇంట్లో నిండు బకెట్ ప్రమాదం కూడా. మొదట సబ్బు కొద్దిగా వేసి ఒక చిన్న ఉతుకు, ఆ మురికినీళ్లు పోయాక తగినంత పొడితో పెద్ద ఉతుకు, వీలైతే 60 డిగ్రీల వేడిలో. పసిబిడ్డ బట్టలని జాలిపడి పొడి తగ్గించడం చాలామంది చేసే పొరపాటు. సబ్బు చాలకపోతే మూత్రం పీచులో మిగిలి, మళ్లీ తడిసిన మరుక్షణం అమోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది. బోరునీళ్ల ఊళ్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు సత్తువను తినేస్తాయి. అక్కడ పొడి పెంచాలి, లేదా చాకలిసోడా కొద్దిగా కలపాలి. తర్వాత నురగ పోయేదాకా జాడించాలి. కుంకుడుకాయ రసం తలకు మంచిదే, మలపు మరకకు చాలదు.

తల్లిపాలు తాగే బిడ్డ వేసే పసుపు మరకలు ఉతికినా పోవు గానీ, తడిగా ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మాయమైపోతాయి. ఇంత చవకైన బ్లీచు ఇంకోటి లేదు. పూత ఉన్న పైతొడుగులను మాత్రం మే నెల ఎండలో గంటల తరబడి వదిలితే పొర విడిపోతుంది. వాటికి నీడ చాలు. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద ఆరేయడం, ఇస్త్రీతో చెమ్మ పోగొట్టడం అందరూ చేసేదే. నిప్పుల కుంపటి మీద బుట్ట బోర్లించి గుడ్డలు ఆరబెట్టిన రోజులూ ఉన్నాయి, కానీ పొగ పట్టిన గది పసిపిల్ల ఊపిరితిత్తులకు పడదు.

మానకూడని జాగ్రత్తలు

పాతబట్టలు వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ప్రమాదం కలరా ఉండలు. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు నేరుగా పసిబిడ్డకు వాడితే ఆ ఆవిరి, చర్మం ద్వారా చేరే అంశం కలిసి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఇది తీవ్రమైన కామెర్లకు, మెదడు దెబ్బతినడానికి దారితీయవచ్చు. ఆ లోపం మన దేశంలో అరుదు కాదు, పుట్టగానే పరీక్ష చేసే ఆసుపత్రులు తక్కువ. పెట్టెలోంచి తీసిన పాత చీరను ఉతికి, రెండు మూడు రోజులు గాలికి ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే చింపాలి.

ఉతికే మందు గుడ్డలో మిగిలిపోయినా అపాయమే. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆసుపత్రి లాండ్రీలో పెంటాక్లోరోఫినేట్ ఉన్న మందును మోతాదు మీరి వాడటం వల్ల, ఆ గుడ్డలు కట్టిన నవజాత శిశువులు విపరీతంగా చెమటలు పోసి జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. అలాంటి మందు ఇప్పుడు ఇళ్లలో లేదు గానీ, యాంటీసెప్టిక్ ద్రవాలను ప్రతి ఉతుకులో మూత నిండా పోసే అలవాటు ఉంది. వేడినీళ్లు, సబ్బు, ఎండ ఉన్నచోట వాటి అవసరం లేదు.

డబ్బు, చాకిరీ

రోజుకు ఆరు పారేసే డైపర్లు, ఒక్కోటి 10 రూపాయలు అనుకుంటే నెలకు 1,800, రెండున్నరేళ్లకు 54,000 రూపాయలు. ఇరవై గుడ్డ డైపర్లు ఒక్కోటి 450 రూపాయల చొప్పున 9,000. సబ్బు, కరెంటు, నీళ్లు కలిపినా లాభం స్పష్టం. రెండో బిడ్డకు అవే వాడితే మరీను. కానీ రాత్రికి ఒక్కటే డైపర్ వాడే ఇంట్లో రెండున్నరేళ్ల ఖర్చు కూడా అదే 9,000. ఆ ఇల్లు బొమ్మల డైపర్లు ఇరవై కొంటే పొదుపేమీ లేదు. నాలుగు పైతొడుగులు, పాత నూలుగుడ్డలు చాలు.

ఈ లెక్కలో రాయని అంకె ఒకటుంది. గుడ్డ డైపర్లంటే రోజు విడిచి రోజు ఉతికి, ఆరేసి, మడిచి, మెత్తలు దూర్చి పెట్టే పని. తల్లి ఉద్యోగం చేస్తూ ఆ పని కూడా ఒంటరిగా చేయాల్సి వస్తే, పారేసే డైపర్ కొనుక్కోవడంలో తప్పుపట్టాల్సింది లేదు. పనిమనిషి చేత మలపు గుడ్డలు ఉతికిస్తూ పర్యావరణం గురించి మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి; అక్కడ జీతం పెంచడం, చేతికి తొడుగులు ఇవ్వడం, మలం వదిలించే పని ఇంటివాళ్లే చేసుకోవడం కనీస మర్యాద. చాలా క్రెష్‌లు గుడ్డ డైపర్లు తీసుకోవు. తీసుకునేచోట తడి గుడ్డలు వేసే సంచి ఒకటి ఇచ్చి, ఎలా తొడగాలో ఆయాకు ఒకసారి చూపిస్తే సరిపోతుంది. తండ్రి ఉతికే ఇళ్లలో మార్పు ఎక్కువకాలం నిలుస్తుందని గుడ్డ డైపర్లు అమ్మేవాళ్లు కొందరు అంటుంటారు. బ్రోచర్లలో బొమ్మ మాత్రం ఇప్పటికీ తల్లీబిడ్డలదే.